బురైదా నుంచి ఫిలడెల్ఫియా దాకా: మెదడు జబ్బులకి జన్యుచికిత్స వచ్చిన దారి

ఇలాంటి సంచికల్లో చరిత్ర వ్యాసం అంటే శాతవాహనులతోనో, కాకతీయులతోనో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను రాయబోయే చరిత్రకి వయసు గట్టిగా ముప్ఫై అయిదేళ్ళు. ఇందులో రాజులు లేరు, శాసనాలు లేవు. పుట్టిన మూడో రోజున పాలు తాగడం మానేసిన పసిపిల్లలున్నారు, వాళ్ళ రక్తం ఉంది, ఆ రక్తంలో ఒక అక్షరం తప్పుగా రాసి ఉన్న జన్యువులున్నాయి. ఆ తప్పు వల్ల దెబ్బతినే మెదడుని బాగుచెయ్యాలని మనుషులు చేసిన ప్రయత్నాల కథ ఇది. దీనిలో కొంత భాగాన్ని నేను సౌదీ అరేబియాలో బురైదా అనే ఊళ్ళో, ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తూ పక్కనుంచి చూశాను.

బురైదా పేరు ఈ సభలకి వచ్చినవారిలో ఎందరు విన్నారో నాకు తెలియదు. గల్ఫ్ అనగానే మనకి దుబాయి, కువైట్, రియాద్, జెద్దా గుర్తొస్తాయి. రియాద్‌కి వాయవ్యంగా సుమారు 350 కిలోమీటర్ల దూరంలో, ఎడారి మధ్యలో, కసీం రాష్ట్రానికి ముఖ్యపట్టణం బురైదా. నేల కింద నీళ్ళున్న ప్రాంతం కనుక ఖర్జూరపు తోటలు ఎక్కువ. ఆగస్టు వచ్చిందంటే తెల్లవారుజామునే మార్కెట్‌కి బళ్ళు బారులు తీరేవి. అక్కడి 'సుక్కరీ' రకం ఖర్జూరం తిన్నాక మరో రకం నోటికి ఎక్కదు. ఒంటెల సంత కూడా పెద్దదే. మనవాళ్ళు అక్కడ తక్కువ. ఉన్నవాళ్ళలో కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన డ్రైవర్లు, తోటపనివాళ్ళు, కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, ఆసుపత్రుల్లో నాలాంటివాళ్ళు కొందరు. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎవరో ఒకరు ఊరినుంచి పొట్లం కట్టుకుని తెచ్చేవారు. 1994 నుంచి 2006 దాకా నేను అక్కడ ఉన్నాను. ఆ తరువాతే అమెరికా వచ్చాను.

మా ల్యాబులో అన్నిటికన్నా హడావిడి చేయించే పరీక్ష అమ్మోనియా. రక్తం తీసిన గొట్టాన్ని మంచులో పెట్టి, పరుగున తీసుకురావాలి. కాసేపు బయట ఉంచితే గొట్టంలోనే అమ్మోనియా పెరిగిపోయి, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. అర్ధరాత్రి మంచుముక్కల గిన్నెతో నర్సు తలుపు తట్టిందంటే విషయం అర్థమయ్యేది. మనం తిన్న మాంసకృత్తుల్లో వాడగా మిగిలిన నత్రజని అమ్మోనియాగా మారుతుంది. అది విషం. దాన్ని కాలేయం యూరియాగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. ఈ పనికి అరడజను ఎంజైములు ఒకదాని వెనక ఒకటి, బిందెలు అందించుకునే మనుషుల్లా, వరసగా నిలబడతాయి. వరసలో ఒకటి లేకపోయినా అమ్మోనియా పేరుకుంటుంది. కడుపులో ఉన్నంతకాలం తల్లి శరీరం ఆ పని చేసిపెడుతుంది కనుక బిడ్డ పుట్టినప్పుడు పుత్తడిబొమ్మలా ఉంటాడు. రెండో రోజో, మూడో రోజో మగతగా ఉంటాడు, పాలు పట్టడు, ఊపిరి వేగంగా తీస్తాడు. అందరూ చీము జ్వరమేమో అనుకుంటారు. ఈలోపు మెదడు వాచిపోతుంది. వంద లోపు ఉండవలసిన అంకె వెయ్యి దాటి కనబడితే, ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి చెయ్యి బరువెక్కేది.

జబ్బు కాలేయానిది, నష్టం మెదడుకి. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి. కథ చివరికి వచ్చేసరికి ఇదే మళ్ళీ పనికొస్తుంది.

మేనరికమూ, బింత్ అమ్మూ

ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది దగ్గర చుట్టాలు. 1995లో అచ్చయిన ఒక సర్వేలో సౌదీ పెళ్ళిళ్ళలో 57.7 శాతం చుట్టరికాలేనని తేలింది. వాళ్ళలో అన్నిటికన్నా మన్నన ఉన్న సంబంధం 'బింత్ అమ్', అంటే తండ్రి సోదరుడి కూతురు. మనకి ఈ మాట వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. పెదనాన్న కూతురూ, బాబాయి కూతురూ మనకి అక్కచెల్లెళ్ళు. అదే నేను మా ల్యాబులోని సౌదీ సహోద్యోగితో మా వైపు మేనమామ అక్క కూతుర్ని చేసుకోవడం ఉందని చెబితే, ఆయన తాగుతున్న కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసి "అస్తగ్‌ఫిరుల్లా" అన్నాడు. వాళ్ళ మతంలో మేనమామ అంటే తండ్రి వరస, పెళ్ళి నిషిద్ధం. ఎవరి ఆచారం వాళ్ళకి సహజం, ఎదుటివాడిది వింత. జన్యువులకి మాత్రం ఈ వరసలు తెలియవు. పినతండ్రి బిడ్డలైనా, మేనత్త బిడ్డలైనా జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు. అంటే లెక్క ప్రకారం మన అక్క కూతురి సంబంధం వాళ్ళ బింత్ అమ్ కన్నా రెట్టింపు దగ్గర.

ప్రతి జన్యువూ మనకి రెండు ప్రతుల్లో ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడ్డా రెండోది పని నడిపిస్తుంది. అందుకే చెడిన ప్రతిని మోస్తున్న మనిషికి ఆ సంగతే తెలియదు. మనందరం అలాంటివి కొన్ని మోస్తున్నవాళ్ళమే. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే తాతనుంచి ఒకే చెడ్డ ప్రతిని తెచ్చుకుంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. నలుగురు పుడితే ఒకరికి వస్తుందని దీని అర్థం కాదు. ప్రతిసారీ పావులు కొత్తగా వేసినట్టే. యూరియా ఎంజైముల జబ్బుల్లో చాలా మటుకు ఇలాంటివి. ఓటీసీ అనే ఒక్కటి మాత్రం తల్లి ద్వారా మగపిల్లలకి వచ్చేది, దానికి మేనరికంతో పని లేదు.

మా ఆసుపత్రిలో అంబులెన్సు నడిపే మనిషి జగిత్యాల వైపువాడు. ఒక రోజు మంచుగిన్నె తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడ్డాడు. "సార్, గీ బీమారీ మన దిక్కు గూడ వస్తదా?" అన్నాడు. వస్తుందన్నాను. "నేను మా అక్క బిడ్డనే చేసుకున్న సార్. మొదటి పోరడు నాలుగు దినాలకే పోయిండు. దిష్టి తగిలిందన్నరు." ఆయన భార్య అప్పుడు మళ్ళీ గర్భవతి. కాన్పు ఊళ్ళో పెట్టుకోవద్దనీ, హైదరాబాదులో చేయించి పుట్టగానే అమ్మోనియా, అమైనో ఆమ్లాలు చూపించమనీ చీటీ రాసి ఇచ్చాను. ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగానే ఉంది. మొదటి పిల్లవాడు దేనివల్ల పోయాడో మాత్రం ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అలా పేరులేకుండా పోయిన పిల్లలు మన ఊళ్ళల్లో ఎన్ని తరాలుగా ఎంతమందో లెక్క కట్టినవారు లేరు.

రియాద్‌లో దొరికిన ఒక జబ్బు

మా దగ్గర తేలనివన్నీ రియాద్ వెళ్ళేవి. అక్కడ కింగ్ ఫైసల్ స్పెషలిస్ట్ ఆసుపత్రిలో పినార్ ఓజాండ్ అనే టర్కీ వైద్యుడు ఇలాంటి జబ్బుల మీద ఒక పెద్ద విభాగమే నడిపేవాడు. 1995లో మొహమ్మద్ రషీద్, ఓజాండ్, మరికొందరు కలిసి, వడపోత కాగితం మీద ఎండబెట్టిన ఒక్క రక్తపు బొట్టుతో, టాండెమ్ మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం మీద అనేక జబ్బుల్ని ఒకేసారి పట్టే పద్ధతిని ప్రకటించారు. ఎడారిలో రక్తం గొట్టాలు పంపడం కష్టం. కాగితం కవరులో పెట్టి పోస్టులో పంపేయొచ్చు. మా వంటి దూరపు ఊళ్ళకి అది ఎంత గొప్ప వరమో మాటల్లో చెప్పలేను.

1998లో అదే ఆసుపత్రి నుంచి వచ్చిన మరో వ్యాసం నాకు బాగా ఇష్టం. ఓజాండ్ బృందం పదిమంది రోగులని వర్ణించింది. అప్పటిదాకా హాయిగా ఆడుకున్న పిల్లకి జ్వరం వస్తుంది. తరువాత అయోమయం, మాట తడబడడం, మింగలేకపోవడం, కాళ్ళూ చేతులూ కొయ్యలా బిగుసుకుపోవడం, చివరికి కోమా. మెదడు లోపలి బేసల్ గాంగ్లియా అనే భాగాలు దెబ్బతింటాయి. వాళ్ళు ఈ పిల్లలకి బయోటిన్ అనే విటమిన్‌ని పెద్ద మోతాదులో ఇచ్చి చూశారు. కొద్ది రోజుల్లో లక్షణాలు పోయాయి! మానేస్తే నెలలోపు తిరిగి వచ్చాయి. ఆలస్యంగా మొదలుపెట్టిన వారికి మాత్రం కొంత లోపం మిగిలిపోయింది. 2005లో ఈ జబ్బుకి కారణమైన జన్యువు దొరికింది. విచిత్రమేమిటంటే అది బయోటిన్‌కి సంబంధించినది కాదు, థయామిన్‌ని, అంటే బి1 విటమిన్‌ని, కణంలోకి చేరవేసే ద్వారానిది. అప్పటినుంచి రెండు విటమిన్లూ కలిపి ఇస్తున్నారు.

బి1 అంటే మనకి పాత చుట్టమే. అది లేకపోతే వచ్చేది బెరిబెరి. 1835లో మద్రాసులో మాల్కంసన్ అనే సైన్యవైద్యుడు బెరిబెరి మీద పుస్తకం వేసినప్పుడు అందులో మన ఉత్తర సర్కారు జిల్లాలకి పెద్ద పీటే వేశాడు. మనవాళ్ళకి తిండిలో బి1 లేక జబ్బు చేసింది. ఆ సౌదీ పిల్లలకి తిండిలో ఉన్నా లోపలికి వెళ్ళే తలుపు చెడిపోయి జబ్బు చేసింది. తలుపు ఇరుక్కుపోయినప్పుడు నలుగురు కలిసి తోస్తే కొంచెం తెరుచుకుంటుంది కదా, పెద్ద మోతాదు చేసే పని అదే. జన్యువు జోలికి పోకుండానే జన్యువు జబ్బుని అణచివేసిన ఉదాహరణ ఇది, ఖర్చు ఒక సీసా బిళ్ళలు. జన్యుచికిత్స గురించి పెద్ద పెద్ద మాటలు వినబడినప్పుడల్లా నాకు ముందుగా ఈ సీసా గుర్తొస్తుంది.

తపాలా మోసే వైరసు

అన్ని జబ్బులకీ ఇంత సులువు కుదరదు. ఎంజైమే లేకపోతే విటమిన్ ఏం చేస్తుంది? అప్పుడు జన్యువు మంచి ప్రతిని కణాల్లోకి పంపాలి. మోసుకెళ్ళడానికి వైరసుని మించిన తపాలా బంట్రోతు లేడు. ఇతరుల కణాల్లోకి తన జన్యువుల్ని దూర్చడమే దాని బతుకు. దాని సంచిలోని చెడు ఉత్తరాలు తీసేసి మనకి కావలసిన ఉత్తరం పెట్టాలి, అంతే. చెప్పడం తేలిక.

1990 సెప్టెంబరు 14న అమెరికాలో మేరీలాండ్‌లోని ఎన్ఐహెచ్‌లో ఆశాంతి డిసిల్వా అనే నాలుగేళ్ళ పాపకి ఈ పద్ధతిలో మొదటి ఆమోదిత చికిత్స జరిగింది. ఆమెది రోగనిరోధక శక్తి లేని జబ్బు. రక్తకణాలు బయటికి తీసి, బాగుచేసి, తిరిగి ఎక్కించారు. మెదడుకి ఆ వీలు లేదు. మెదడు కణాలు బయటికి తియ్యలేం. అవి రక్తకణాల్లా పిల్లలు పెట్టవు. పైగా రక్తానికీ మెదడుకీ మధ్య ఒక కోటగోడ ఉంది, చాలా మందులే దాన్ని దాటలేవు. ఈ మూడు అడ్డంకుల చుట్టూ తిరిగిన కథే తరువాతి ముప్ఫై ఏళ్ళు.

మొదట తలవంచని మార్గం పట్టినది కానవాన్ అనే జబ్బు మీద. మెదడులోని తెల్లపదార్థం స్పంజిలా బోలుపడిపోయే జబ్బు ఇది. యూదుల్లో ఎక్కువ అంటారు, కానీ 1990లోనే ఓజాండ్ బృందం సౌదీ పిల్లల్లోనూ ఉందని చూపించింది. 1996లో న్యూజీలాండ్‌లో మాథ్యూ డ్యూరింగ్, పావోలా లియోన్ ఇద్దరు పిల్లలకి మెదడులోకి జన్యువు పంపారు. 2001 నుంచి అమెరికాలో ఏఏవీ అనే చిన్న వైరసుతో మళ్ళీ చేశారు. ఈ ఏఏవీ 1965లో దొరికింది, మనుషులకి ఏ జబ్బూ చెయ్యదు. దాని సంచి మాత్రం మరీ చిన్నది, సుమారు 4,700 అక్షరాల ఉత్తరం పడుతుంది. 13 మంది పిల్లలని ఏళ్ళ తరబడి గమనించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ప్రమాదం కనబడలేదు, మెదడు కుంచించుకుపోవడం నెమ్మదించింది, మూర్ఛలు తగ్గాయి. జబ్బు నయం కాలేదు.

ఈలోగా 1999 వచ్చింది. ఆ సెప్టెంబరు 17న ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ళ కుర్రవాడు చనిపోయాడు. అతనిది నేను పైన చెప్పిన ఓటీసీ లోపం, అదీ తేలికరకం. మందులతో, పథ్యంతో బాగానే నెట్టుకొస్తున్నాడు. తనకి లాభం ఉండదని తెలిసే, ఈ జబ్బుతో పుట్టే పసిపిల్లలకి మేలు జరుగుతుందని ప్రయోగానికి ఒప్పుకున్నాడు. జన్యువు మోసుకెళ్ళిన అడినోవైరసు మీద అతని శరీరం ఒక్కసారిగా తిరగబడింది. ఎక్కించిన నాలుగో రోజుకి అవయవాలన్నీ ఆగిపోయాయి. తరువాతి విచారణలో నిబంధనల ఉల్లంఘనలు బయటపడ్డాయి, ఆ విశ్వవిద్యాలయంలో ప్రయోగాలు ఆపించారు, దేశమంతా నియమాలు బిగిశాయి. మూడేళ్ళకి పారిస్‌లో, రక్తకణాల జన్యుచికిత్స పొందిన పిల్లల్లో కొందరికి ల్యుకేమియా వచ్చింది. జన్యుచికిత్స అనే మాట పలికితే నిధులు ఇచ్చేవాడు లేని రోజులవి.

జెస్సీ వార్త మాకు బురైదాలో చాలా రోజులు ఆలస్యంగా, ఒక పత్రిక జిరాక్సు రూపంలో చేరింది. ఓటీసీ అనే మూడక్షరాలు మా ల్యాబు పుస్తకంలో రాసుకునేవే. ఆ కుర్రవాడు ఏ పసిపిల్లల కోసం వెళ్ళాడో, వాళ్ళు మా మంచుగిన్నెల్లో కనబడేవారు. ఆ కాగితాన్ని మా విభాగంలో అందరం చదివాం. ఎక్కువ మాట్లాడుకోలేదు.

తైవాన్ పిల్లలు

2003 ఆగస్టులో న్యూయార్క్‌లో పార్కిన్సన్స్ రోగి మెదడులోకి తొలిసారి జన్యువు పంపారు. కొంత మేలు కనబడింది. 2011లో అచ్చయిన 45 మంది పరీక్షలోనూ కొంతే. చేయించిన కంపెనీ మరుసటి ఏడాదే దివాలా తీసింది. పార్కిన్సన్స్ లాంటి జబ్బుకి చాలామందిలో ఒకే ఒక జన్యువు కారణం కాదు. అక్కడ జన్యుచికిత్స గురి పెట్టవలసిన చోటే స్పష్టంగా లేదు.

గురి స్పష్టంగా ఉన్న జబ్బు మీద అసలు విజయం తైవాన్‌లో దొరికింది. ఏఏడీసీ అనే ఎంజైము లేకుండా పుట్టిన పిల్లలకి మెదడులో డోపమిన్, సెరటోనిన్ రెండూ తయారుకావు. మెడ నిలవదు, కూర్చోలేరు. గంటల తరబడి కనుగుడ్లు పైకి తిరిగిపోయి బిగుసుకుంటారు. చూసిన తల్లికి ఆ దృశ్యం నరకం. తైవాన్‌లో ఈ జబ్బు మరోచోటకన్నా ఎక్కువ, ఎందుకంటే ఎప్పుడో ఒక పూర్వీకుడిలో వచ్చిన ఒకే తప్పు తరతరాలుగా పంచుకుంటూ వచ్చింది. నేషనల్ తైవాన్ యూనివర్సిటీ ఆసుపత్రిలో వూ-లియాంగ్ హ్వు బృందం నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య ఉన్న నలుగురు పిల్లల పుర్రెకి చిన్న రంధ్రాలు చేసి, పుటామెన్ అనే భాగంలోకి సన్నని సూదితో ఏఏవీని నెమ్మదిగా పంపింది. కోటగోడ దాటే బాధ లేకుండా నేరుగా లోపలే దింపేశారన్నమాట. 2012లో ఫలితాలు వచ్చాయి. ఒక పిల్ల 16 నెలలకి నిలబడింది. మిగిలిన ముగ్గురూ ఆసరాతో కూర్చున్నారు. బరువు పెరిగారు. మెడే నిలవని పిల్లల సంగతి ఇది! ఈ చికిత్సని యూరప్ 2022 జూలైలో, అమెరికా 2024 నవంబరులో ఆమోదించాయి. నేరుగా మెదడులోకి ఇచ్చే జన్యుచికిత్సల్లో అమెరికా ఆమోదం పొందిన మొదటిది అదే.

ఇంకో రెండు దారులు కూడా తెరుచుకున్నాయి. ఒకటి ఎముక మజ్జ దారి. మజ్జ నుంచి వచ్చే కణాలు కొన్ని కోటగోడ దాటి మెదడులో స్థిరపడతాయి. ఆ మజ్జ కణాల్నే బాగుచేసి తిరిగి ఎక్కిస్తే సరిపోతుంది. 1992లో వచ్చిన 'లోరెంజోస్ ఆయిల్' సినిమా చూసినవారికి ఏఎల్‌డీ అనే జబ్బు తెలిసే ఉంటుంది. 2009లో పారిస్‌లో ఓబూర్గ్, కార్టియే ఏడేళ్ళ మగపిల్లలిద్దరికి, హెచ్ఐవీ వైరసు నుంచి తయారుచేసిన వాహనంతో ఈ చికిత్స చేసి జబ్బుని నిలబెట్టినట్టు ప్రకటించారు. ఎయిడ్స్ వైరసుని ఇలా లొంగదీసి పనికి పెట్టడం ఈ చరిత్రలో నాకు మహా ముచ్చటైన ఘట్టం. 2022లో అమెరికా ఆమోదం వచ్చింది. తరువాత కొందరు పిల్లలకి రక్తపు కాన్సర్లు రావడంతో 2025లో వాడకం మీద ఆంక్షలు పెట్టారు. ఎంఎల్‌డీ అనే అన్నదమ్ముల జబ్బుకి మిలాన్‌లో అభివృద్ధి చేసిన చికిత్స 2024 మార్చిలో అమెరికాలో ఆమోదం పొందింది, అప్పట్లో ప్రకటించిన ధర 42 లక్షల 50 వేల డాలర్లు.

రెండో దారి 2009లో ఒహాయోలో కనబడింది. ఏఏవీ9 అనే రకం, రక్తంలోకి ఎక్కిస్తే కోటగోడని తానే దాటి ఎలుకపిల్లల నాడీకణాల్లోకి చేరింది. దాని ఫలమే వెన్నుపాములోని కణాలు చచ్చిపోయే ఎస్ఎంఏ జబ్బుకి 2019లో వచ్చిన మందు. అప్పట్లో దాని ధర 21 లక్షల 25 వేల డాలర్లు. మన రూపాయల్లో 16 కోట్లు అని పత్రికలు రాసిన మందు ఇదే. 2021లో హైదరాబాదులో ఒక పసివాడికి ఈ మందు కోసం వేలమంది చందాలు వేశారు. మీలో కొందరు కూడా వేసే ఉంటారు. అలా చందాలు కుదరని పిల్లల ఫొటోలు కూడా మన ఫోన్లలోకి వచ్చాయి, వస్తున్నాయి.

పెద్దవాళ్ళ జబ్బుల్లో హంటింగ్టన్స్ మీద మెదడులోకి ఏఏవీ పంపే పరీక్షలో, పెద్ద మోతాదు పొందినవారిలో మూడేళ్ళకి జబ్బు వేగం 75 శాతం తగ్గిందని 2025 సెప్టెంబరులో ఒక కంపెనీ ప్రకటించింది. లెక్కలోని రోగుల సంఖ్య చాలా చిన్నది కనుక నేను పండగ చేసుకోవడం లేదు.

ఇక మెదడుకి తగిలే దెబ్బల సంగతి. కసీం రోడ్ల మీద రాత్రిపూట ఒంటెని గుద్దుకున్న కార్ల నుంచి మా ఆసుపత్రికి వచ్చిన యువకులు తక్కువేమీ కాదు. దెబ్బకి చచ్చిన నాడీకణాల స్థానంలో, పక్కనున్న ఆసరా కణాల్నే జన్యువు పంపి నాడీకణాలుగా మార్చవచ్చని కొన్నేళ్ళు గొప్ప ఆశ పెట్టారు. 2021లో డాలస్‌లోని ఒక ల్యాబు జాగ్రత్తగా గుర్తులు పెట్టి చూస్తే, మారినట్టు కనబడినవి మొదటినుంచీ అక్కడున్న నాడీకణాలేనని తేలింది. ఆ వాదన ఇంకా నడుస్తోంది. దెబ్బలకి ఆమోదం పొందిన జన్యుచికిత్స ఏదీ లేదు. ఈ విషయంలో హెల్మెట్‌దే పైచేయి.

మళ్ళీ ఫిలడెల్ఫియా

జెస్సీ పోయిన ఊళ్ళోనే, పాతికేళ్ళ తరువాత, 2024 ఆగస్టులో ఒక మగబిడ్డ పుట్టాడు. లోకమంతా కేజే అని పిలిచిన ఆ బిడ్డకి సీపీఎస్1 అనే ఎంజైము లేదు. యూరియా వరసలో మొదటి బిందె అందుకునేది అదే. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో రెబెకా అహ్రెన్స్-నిక్లస్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కిరణ్ ముసునూరు కలిసి, ఆ బిడ్డ జన్యువులో తప్పుపడిన ఒకే ఒక్క అక్షరాన్ని దిద్దే మందుని ఆరు నెలల్లో తయారుచేయించారు. ముసునూరు అనగానే మనవాళ్ళకి నూజివీడు దగ్గరి ఊరు గుర్తుకు రాక మానదు. ఆయన వృత్తిరీత్యా గుండె వైద్యుడు, కొలెస్టరాల్ జన్యువుల మీద పనిచేసినవాడు. ఈసారి వైరసు లేదు. కొవ్వు బిందువుల్లో చుట్టిన మందుని రక్తంలోకి ఎక్కిస్తే కాలేయం తీసుకుంది. కోటగోడ దాటవలసిన పనే పడలేదు. జబ్బు కాలేయానిది, నష్టం మెదడుకి అని ముందే చెప్పాను కదా. మెదడుని కాపాడడానికి కాలేయాన్ని దిద్దారు. 2025 ఫిబ్రవరిలో మొదటి మోతాదు ఇచ్చారు, మరో రెండు తరువాత. మే నెలలో వైద్యపత్రికలో అచ్చయింది. జూన్‌లో, ఆసుపత్రిలోనే దాదాపు పది నెలలు గడిపిన ఆ బిడ్డ ఇంటికి వెళ్ళాడు.

ఈ మందుకి ఒక చిక్కుంది. అది ఆ ఒక్క బిడ్డలోని ఆ ఒక్క తప్పుకే పనికొస్తుంది. అమెరికాలో సీపీఎస్1 లోపంతో పుట్టే మరో బిడ్డలో తప్పు మరోచోట ఉంటుంది, మళ్ళీ మొదటినుంచి తయారుచేయాలి. బురైదాలో పనిచేసిన నాకు ఇక్కడే వేరే ఆలోచన వస్తుంది. ఒకే తెగలో తరాలుగా ఇచ్చిపుచ్చుకున్న చోట, జబ్బు ఉన్న పిల్లలందరిలోనూ తరచు అదే తప్పు కనబడుతుంది. బయోటిన్ జబ్బులో అత్యధిక సౌదీ పిల్లలది ఒకే అక్షరం. తైవాన్‌లో చూశాం. మనలోనూ ఉంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ బల్ల మీద కండరాలు సడలించే ఒక మందు ఇస్తే గంటల తరబడి ఊపిరి తిరిగిరాదు. దానికి కారణమైన ఎంజైము లోపం ఆ సమాజంలో ఒకే మూలం నుంచి వచ్చిందని తేలింది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2017 అధ్యయనం, దక్షిణాసియాలో ఇలాంటి సమాజాలు ఎన్నో ఉన్నాయని చూపించింది. చుట్టరికం వల్ల జబ్బులు ఎక్కువైన చోటే, ఒకసారి తయారుచేసిన మందు ఎక్కువమందికి సరిపోతుంది. ముందుగా తప్పుల జాబితా కావాలి. సౌదీ ప్రభుత్వం 2004 నుంచి పెళ్ళికి ముందు కొన్ని రక్తజబ్బుల పరీక్షలు తప్పనిసరి చేసింది, 2013లో జినోమ్ పథకం మొదలుపెట్టింది.

మన దగ్గర? రాధారమాదేవి గారి బృందం హైదరాబాదులో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది పసిపిల్లల మడమ నుంచి రక్తపు బొట్టు తీసి పరీక్షించి 2004లో ఫలితాలు అచ్చువేసింది. ప్రతి 1,700 మందిలో ఒకరికి పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉంది. కనిపెట్టకపోతే ఆ బిడ్డ మెదడు ఎదగదు, కనిపెడితే రోజుకొక చిన్న మాత్ర చాలు. ఆ పని అన్ని జిల్లాల్లో, పుట్టిన ప్రతి బిడ్డకీ జరగాలని నా కోరిక. మన సంఘాలు ఊళ్ళల్లో కళ్ళ శిబిరాలు పెడుతున్నాయి, గ్రంథాలయాలు కడుతున్నాయి. వడపోత కాగితాలు అంతకన్నా చవక. ఈ సభల్లో వైద్యుల సమావేశానికి వచ్చేవారితో ఈ విషయం కూర్చుని మాట్లాడాలని ఉంది. ఎండబెట్టిన రక్తపు బొట్టుని కవరులో పెట్టి ఎలా పంపాలో నాకు పన్నెండేళ్ళ అలవాటు.